కొండపక్క ప్లేటు

అత్తగారి ప్రశ్న

నాకు పెళ్ళైన కొత్తలో ఒకరోజు మా అత్తగారు వంకాయలు తరుగుతూ అడిగారు.

"రోజూ రైలెక్కి బొబ్బిలి ఎల్తన్నావు గదా, ఆ ఫేట్రీలో నువ్వు ఏటి సేస్తావమ్మా? మిషన్లు బిగిస్తావా?"

"లేదత్తయ్యా, బిగించేవాళ్ళు వేరే ఉన్నారు."

"బొమ్మలు గీస్తావా?"

"గీసేవాళ్ళూ వేరే ఉన్నారు."

"మరి నీకు జీతమెందుకే?"

ప్రొడక్షన్ ప్లానింగ్‌లో చేరే ప్రతి మనిషినీ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. ఇంట్లోవాళ్ళు అడక్కపోతే ఫ్యాక్టరీలోనే అడుగుతారు. అందుకే రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాద్దామనిపించింది. ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎలా వస్తాయో, ఎందుకు ఆగుతాయో మీకు క్యాంటీన్లోనే తెలిసిపోతుంది.

మాది రైసుమిల్లు యంత్రాలు చేసే ఫ్యాక్టరీ. ధాన్యం పైకెత్తే ఎలివేటర్లు, జల్లెడలు, తడి ధాన్యాన్ని వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యర్లు మా సరుకు. మేడ మీద డిజైన్ ఆఫీసు, కింద షెడ్డు. పైవాళ్ళు యంత్రం గీసి, అందులో ఏ భాగం కింద ఏ ముక్కలుంటాయో జాబితా ఇస్తారు. కిందవాళ్ళు ఆ ముక్కలు కోసి, వంచి, అతికి, బిగిస్తారు. పై జాబితాని కిందవాళ్ళు పని చెయ్యగలిగే జాబితాగా మార్చడం నా పని. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. చాలామంది అలాగే అనుకున్నారు, పైకి అన్నారు కూడా.

అత్తగారికి మాత్రం ఆరోజే అర్థమయ్యేలా చెప్పగలిగాను. ఆవిడ మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా వంటల అజమాయిషీ చూసే మనిషి.

"పెళ్ళివారు మీకు ఏం చెప్తారత్తయ్యా? పులిహోర, పులుసు, చారు, పచ్చడి కావాలంటారు. చింతపండు ఎంత కావాలో చెప్తారా?"

"ఆలకేటి తెలుస్తాదే? పులిహోరకెంత, పులుసుకెంత, అన్నీ కలిపి నానే లెక్కేసుకోవాల. ముందు రాత్రే నానబెట్టాల."

"మా డిజైన్ వాళ్ళు పెళ్ళివారి లాంటివాళ్ళు. విస్తట్లో ఏముండాలో చెప్తారు. ఏది ముందు నానబెట్టాలో, ఏది ఊరినుంచి తెప్పించాలో నేను చూసుకోవాలి."

అత్తగారు కత్తిపీట పక్కన పెట్టి నా వంక జాలిగా చూశారు. "అయితే కూర బాగుంటే వంటోడికి పేరొస్తాది, ఉప్పు సాలకపోతే నీకు తిట్లొస్తాయి. మంచి ఉద్యోగమే సంపాదించినావు."

ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నాకింతవరకూ కనబడలేదు.

నౌపడ బోల్టు

నా మొదటి బాసు పెద్దగా మాట్లాడేవాడు కాదు. బొత్తిగా పొగడ్త రాని మనిషి. ఆయన నాకు నేర్పిన పాఠం ఒక్కటే, అదీ ఒక బోల్టు చూపించి నేర్పాడు.

అప్పట్లో నౌపడలో ఒక ఉప్పు వ్యాపారికి ఉప్పు దంచే యంత్రం చేసి పంపాం. మామూలు ఇనుప బోల్టులు ఆ ఉప్పుగాలికి ఆగవని డిజైన్ వాళ్ళకి తట్టింది. డ్రాయింగులో మార్చారు, తుప్పు పట్టని స్టీలు బోల్టులు వెయ్యమని రాశారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ కొనాల్సిన సామాన్ల జాబితా మా సెక్షన్లో అప్పటికే పాత డ్రాయింగు చూసి ఎత్తి రాసుకున్నాం. పైన మారిన సంగతి కిందికి రాలేదు. యంత్రం పాత బోల్టులతోనే వెళ్ళింది.

ఆ వ్యాపారి కొన్నాళ్ళకి స్వయంగా వచ్చాడు. కాగితం పొట్లం విప్పి బాసు టేబిలు మీద పెట్టాడు. అందులో బోల్టు ఉంది. వేలితో నొక్కితే పెచ్చులు రాలాయి.

"ఇది బోల్టా, జంతికా?" అన్నాడాయన.

ఆయన వెళ్ళిపోయాక మేడ మీదవాళ్ళు తమ డ్రాయింగు తీసి చూపించారు, తప్పు లేదు. మేము మా జాబితా తీసి చూపించాం, అదీ ఒకప్పటి డ్రాయింగుకి సరిగ్గానే ఉంది. అందరిదీ ఒప్పే, యంత్రం మాత్రం ఊడిపోయింది. బాసు ఆ బోల్టుని నా టేబిలు మీద పెట్టి, "జాబితా ఎత్తి రాసుకున్నప్పుడల్లా ఒక నిజాన్ని రెండు చేస్తున్నావని గుర్తుంచుకో. రెండోదానికి అన్నం పెట్టేవాడుండడు" అన్నాడు.

తర్వాత చాలా ఏళ్ళకి కంప్యూటర్లొచ్చి, పై జాబితా, కింది జాబితా ఒకే చోట ఉండే ఏర్పాటు వచ్చింది. పైన బోల్టు మారిస్తే కింద నా తెరమీద ఎర్రగా కనిపించేది. నేను సంతోషించాను, నిజం చెప్తున్నాను. ఇంక జంతికలు రావనుకున్నాను. డేటా ఒకచోట ఉంటే మనుషులు కూడా ఒకే మాట అనుకుంటున్నారని నమ్మడం ఈ వృత్తిలో అందరూ పడే గొయ్యి.

మేడ మీద బాబు

డిజైన్ ఆఫీసుకి పెద్ద మూర్తి గారు. కాకినాడ వైపు మనిషి, పనిమంతుడు. ఆయన డ్రాయింగులో ఒక గీత తప్పుండేది కాదు. ఆయనతో చిక్కల్లా ఏమిటంటే, ఏ ప్రశ్న అడిగినా ఒకటే జవాబు: "డ్రాయింగు చూసుకోండి." షెడ్డులోకి దిగేవారు కాదు. అక్కడివాళ్ళు ఆయన్ని మేడ మీద బాబు అనేవారు. నాకాయనంటే ఇష్టముండేది కాదు. ఆ సంగతి దాచుకోలేదు కూడా.

షెడ్డులో డ్రయ్యర్లు బిగించే జట్టుకి ఫోర్‌మన్ సింహాచలం. బొబ్బిలి పక్క పల్లెలో వ్యవసాయం చేసే ఇంటినుంచి ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలోనే వచ్చాడు. వెల్డింగు బాగా తెలుసు, కోపం ఇంకా బాగా తెలుసు. జట్టులో ఎవరన్నా పని పాడుచేస్తే "నీ సేతికి పనొచ్చా, పనికి సెయ్యొచ్చా?" అని అందరి ముందూ అడిగేవాడు. పని రానివాడు అన్న మాట అతని దగ్గర అన్నిటికంటే పెద్ద తిట్టు.

ఆ జట్టుకి ఒక అలవాటుంది. మన పల్లెల్లో ఎడమ, కుడి అని ఎవరంటారు? కంచం తూర్పుకి జరుపు అంటాం, మంచం పడమరకి లాగు అంటాం. వీళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, డ్రయ్యరు రెండు పక్క ప్లేట్లకీ కొండపక్క ప్లేటు, సముద్రంపక్క ప్లేటు అని పేర్లు పెట్టుకున్నారు. బొబ్బిలినుంచి సముద్రం కనబడదు. అయినా పడమటికి కొండలు, తూర్పుకి సముద్రం అన్నది పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతే. బిగించేటప్పుడు యంత్రం ముఖం ఎప్పుడూ గేటు వైపు ఉండేది, లారీ ఎక్కించడానికి వీలుగా. గేటు దక్షిణానికి ఉండేది. కాబట్టి గేటు దగ్గర నిలబడి చూస్తే యంత్రానికి ఎడమ పక్క కొండలవైపు పడేది.

డ్రాయింగులో మూర్తి గారు ఎడమ ప్లేటు, కుడి ప్లేటు అని రాసేవారు. ఎడమ ప్లేటుకి పెద్ద కంత ఉంటుంది. ఊక పొయ్యినుంచి వేడిగాలి ఆ కంతలోంచే యంత్రంలోకి వస్తుంది. కుడిది మూసి ఉండే ప్లేటు. మిగతా కొలతలన్నీ రెండిటికీ ఒకటే. ఇది అటూ, అది ఇటూ బిగించినా చక్కగా పడతాయి.

కంప్యూటరు ఏర్పాటు పెట్టినప్పుడు, ఒక్కో ముక్కకీ డిజైన్ పేరు పక్కన షెడ్డులో పిలిచే పేరు కూడా ఎక్కించాం. ఉత్త నంబర్లిస్తే షెడ్డువాళ్ళు, ఏ ముక్క ఎక్కడ బిగించాలో మేమిచ్చే చీటీలు సరిగ్గా చదివేవారు కాదు. సింహాచలం చెప్తుంటే మా సెక్షన్ వాళ్ళం ఎక్కించాం. ఎడమ ప్లేటు ఎదురుగా కొండపక్క ప్లేటు అని పడింది. ఆరోజు అది అక్షరాలా నిజం.

ఉత్తరం గేటు

తర్వాత కంపెనీ కొత్త షెడ్డు కట్టింది. మా ఎండీ గారు చదువుకున్న వ్యాపారస్థుడు, లెక్కలో గట్టివాడు, కానీ వాస్తు సిద్ధాంతి చెప్పిందే వేదం. దక్షిణం గేటు వల్లే ఆర్డర్లు తగ్గుతున్నాయని సిద్ధాంతి తేల్చాడు. కొత్త షెడ్డుకి ఉత్తరం గేటు పెట్టారు. కొబ్బరికాయలు కొట్టారు, గుమ్మడికాయ పగలగొట్టారు, జట్టంతటికీ లడ్డూలు పంచారు. గేటు మారితే యంత్రం ముఖం కూడా మారుతుందని ఒక్కరికీ తోచలేదు. తోచినా, అది జాబితాకి సంబంధించిన సంగతని అనుకునేవారు కారు.

కొత్త షెడ్డులో బిగించిన మొదటి డ్రయ్యరు పాతపట్నంలో గున్నయ్య గారి మిల్లుకి వెళ్ళింది. గున్నయ్య గారిది తరాలనుంచి ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. ఆ చుట్టుపక్కల రైతులు ఆయన మాటమీద ధాన్యం తోలేవారు. ఆ ఏడు కోతల వేళకి అల్పపీడనం పట్టుకుంది. తడిసిన ధాన్యం ఎంతొచ్చినా తీసుకుంటాను, ఆరబెట్టే మిషనొస్తోందని ఆయన రైతులందరికీ మాటిచ్చేశారు.

యంత్రం దిగిన రోజున ఎండీ గారికి ఫోనొచ్చింది. ఆయన నన్నూ మూర్తి గారినీ పిలిచారు. పొయ్యి ఒకపక్క ఉంటే కంత రెండోపక్క వచ్చిందట.

"బిగించింది ఎవరు?" అన్నారు.

"సింహాచలం జట్టు" అన్నాను.

"కొత్త షెడ్డులో మొదటి మెషీనండీ! మిల్లర్లందరికీ పాకిపోతుంది. మీరంతా వెళ్ళి చూడండి. తప్పు అతనిదని తేలితే, అతను మళ్ళీ ఈ గేటు లోపలికి రాకూడదు."

మూర్తి గారు, "డ్రాయింగు సరిగ్గానే ఉంది" అన్నారు. అది అబద్ధం కాదు. నాకు మాత్రం ఆ మనిషిని మేడ మీదనుంచి తొయ్యాలన్నంత కోపం వచ్చింది.

పాతపట్నం

పాలకొండ మీదుగా జీపులో ముగ్గురం వెళ్ళాం. దారంతా వాన తుంపర. సింహాచలం వెనక కూర్చున్నాడు. ఎండీ గారన్న మాట అప్పటికే ఎవరో అతని చెవిన వేశారు. ముందుకు వంగి అన్నాడు.

"సీటీలో ఏటుందో అదే ఎట్టినాను మేడమ్. నా సేతులతో నానే సూసుకున్నాను."

"చూద్దాం సింహాచలం, వెళ్ళాక చూద్దాం" అన్నాను.

మిల్లు ఆవరణలో ఎక్కడ చూసినా ధాన్యం గుట్టలు, వాటిమీద టార్పాలిన్లు. రైతులు గొడుగులేసుకుని నిలబడి ఉన్నారు. గున్నయ్య గారు నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒక గుట్టలో పెట్టించారు. లోపల వెచ్చగా ఉంది, జ్వరం పట్టిన ఒంటిలా.

"సూసినారా అమ్మా? రేపో ఎల్లుండో మొక్కొచ్చేస్తాది. మీ మిషనేమో పొయ్యి ఇటుంటే కంత అటెట్టుకుని నిలబడింది. అటేపు నా పక్కోడి గొడాం గోడ ఉన్నాది. ఏటి సేసుకోమంటారు? ఆడి గోడ ఆరబెట్టమంటారా?"

మూర్తి గారు డ్రాయింగు విప్పారు. "ఎడమ పక్కనే ఉంది చూడండి. కంత ప్లేటు ఎడమది."

"మాకు సీటీలో కొండపక్క అనుంది బాబూ" అన్నాడు సింహాచలం. "కొండపక్కే ఎట్టినాం."

"కొండ ఏమిటి? డ్రాయింగులో కొండెక్కడుంది?"

"డ్రాయింగులో నేదు బాబూ, ఊర్లో ఉన్నాది!"

చుట్టూ ఉన్న రైతులు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏదో తట్టీ తట్టనట్టుంది. "సింహాచలం, కొండపక్కంటే ఎటో ఓసారి చెయ్యి చాచి చూపించు" అన్నాను.

అతను ఆలోచించకుండా పడమటికి చూపించాడు.

గున్నయ్య గారు ఆశ్చర్యపోయారు. "అటేటయ్యా కొండ? మాకు కొండంటే మహేంద్రగిరి. అల్లదిగో, ఆ మబ్బు కింద" అని ఈశాన్యానికి చూపించారు.

ఒకే మాటకి ఇద్దరి చేతులూ రెండువైపులకి లేచి ఉన్నాయి. సింహాచలం తన చేతిని చూసుకున్నాడు, గున్నయ్య గారి చేతిని చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని, మిల్లు ఆవరణలో నిలబడే పాత షెడ్డులో నిలబడ్డట్టు దక్షిణానికి తిరిగాడు. చేతులతో ఒక యంత్రాన్ని పట్టుకున్నట్టు పట్టుకుని ఉత్తరానికి తిప్పాడు. ముఖం తెల్లబోయింది.

"అమ్మ బాబోయ్! సెడ్డు తిరిగిపోనాది మేడమ్. మిషను మొకం గేటుతో పాటు అటు తిరిగిపోనాది. కొండ ఉన్నసోటే ఉండిపోనాది."

అంతే సంగతి. చీటీలో మాట మారలేదు, డ్రాయింగులో గీత మారలేదు, కొండ కదల్లేదు. పాత షెడ్డులో యంత్రానికి ఎడమన ఉన్న కొండ కొత్త షెడ్డులో కుడికి వచ్చింది. సింహాచలం జట్టు కొండపక్క ప్లేటుని నిక్కచ్చిగా కొండవైపే బిగించారు. నేను వెంటనే బొబ్బిలికి ఫోను చేసి, షెడ్డులో బిగిస్తున్న మిగతా డ్రయ్యర్ల పని ఆపించాను.

ఇక ముందున్న యంత్రం సంగతి. ప్లేట్లు మార్చడానికి లేదు. లోపలి గాలి గొట్టాలన్నీ వాటికి వెల్డు చేసి ఉన్నాయి, విప్పితే యంత్రం ముక్కలైపోతుంది. మూర్తి గారు బూట్లు విప్పేసి, ప్యాంటు మడిచి, బురదలో యంత్రం చుట్టూ తిరిగారు. గోడవైపు ఇరుకులో దూరి చూశారు. బయటికొచ్చాక ఆయన చొక్కా అంతా మసి.

"యంత్రాన్నే వెనక్కి తిప్పేద్దాం. కంత పొయ్యి దగ్గరికొస్తుంది. ధాన్యం పోసే గొయ్యి మాత్రం వెనకవైపు కొత్తగా తవ్వాలి. ఎలివేటరు అటు మార్చాలి."

"గొయ్యిదేటుంది, మావోళ్ళు ఉప్పుడే తవ్వేస్తారు" అన్నారు గున్నయ్య గారు. "బేగి కానివ్వండి బాబూ, మీకు దండం ఎడతాను."

టెక్కలినుంచి క్రేను తెప్పించారు. మూర్తి గారు తడిలో నిలబడి కొలతలు చెప్తుంటే సింహాచలం గొలుసులు పట్టాడు. "ఎడమకి" అంటారు మూర్తి గారు. సింహాచలం ఆగిపోతాడు. మూర్తి గారు నాలిక కరుచుకుని, "గోడవైపుకి" అంటారు. యంత్రం గోడవైపుకి జరుగుతుంది. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు అంతసేపు మాట్లాడగా చూడటం నాకదే మొదలు.

డ్రయ్యరు నడిచింది. ధాన్యం చాలామటుకు దక్కింది. చివర్లో ఉన్న రెండు గుట్టలు మాత్రం దక్కలేదు. టార్పాలిన్ ఎత్తితే తెల్లటి మొలకలు కనిపించాయి. ఆ గుట్టలు తోలిన రైతు వాటిని గుప్పిట్లోకి తీసుకుని చూసి, మళ్ళీ అక్కడే పోసేశాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

మెమో మీద పేరు

తిరిగొచ్చాక ఎండీ గారి గదిలో కూర్చున్నాం. సింహాచలం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను జరిగిందంతా చెప్పాను.

ఎండీ గారు విన్నారు. ఉత్తరం గేటు మాట వచ్చినప్పుడు కొంచెం ఇబ్బందిగా కదిలారు. "అయితే ఎవరి తప్పూ లేదంటారా?"

"ఉందండీ. పైవాళ్ళకీ కిందవాళ్ళకీ మధ్యలో ఉంది."

"మధ్యలో ఉన్నదానికి నేను మెమో ఇవ్వలేనమ్మా. మెమో మీద మనిషి పేరుండాలి. గున్నయ్య గారికి నేనేం చెప్పాలి? తప్పు బిగించిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు."

ఆయన దుర్మార్గుడు కాదు. పైన కూర్చున్నవాళ్ళకి తప్పు ఎక్కడ పుట్టిందో వెతికే ఓపిక ఉండదు, ఎక్కడ బయటపడిందో అక్కడే పట్టుకుంటారు. మీరు పనిచేసే ప్రతి చోటా ఇదే చూస్తారు.

గుమ్మం దగ్గరనుంచి సింహాచలం అన్నాడు. "ఉద్యోగం తీసీండి బాబూ. పొలం పని సేసుకుంటాను. పని రాదని మాత్రం రాయకండి. మా జట్టోళ్ళు సదువుతారు."

అతని గొంతు అరవగా విన్నాను గానీ బతిమాలగా ఎప్పుడూ వినలేదు. నేనేదో అనబోయాను. ఈలోగా మూర్తి గారు, "నా పేరు రాయండి" అన్నారు.

ఎండీ గారు కళ్ళజోడు తీశారు. "మీ డ్రాయింగు కరెక్టే కదండీ?"

"కరెక్టే. ఎడమ అని రాశాను. ఎవరికి ఎడమో రాయలేదు. యంత్రానికి ఎదురుగా నిలబడినవాడికి ఎడమ. యంత్రం వెనక నిలబడినవాడికి కుడి. ఇన్నేళ్ళూ అందరూ నేను నిలబడ్డచోటే నిలబడి చూస్తారనుకున్నాను. వీళ్ళు దానికి వాళ్ళ పేరు పెట్టుకుంటే, ఆ పేరేమిటని ఒక్కనాడు అడగలేదు. ముక్కకి పేరు పెట్టాల్సింది గీసినవాడు. నా పేరు రాయండి."

మూర్తి గారేదో త్యాగం చేశారని నేను చెప్పబోవడం లేదు. ఆయన్ని తీసేస్తే మర్నాడు ఫ్యాక్టరీలో గీత గీసే దిక్కు లేదు. అది ఆయనకీ తెలుసు, ఎండీకీ తెలుసు. అయినా ఆ మాట అనాల్సిన అవసరం ఆయనకి లేదు, అన్నారు. ఆరోజునుంచి నేనాయన్ని వెనకాల తిట్టడం మానేశాను. ముందర తిట్టడం మాత్రం మానలేదు.

మెమో ఆయన పేరుమీదే వచ్చింది. సింహాచలం ఫోర్‌మన్‌గానే ఉన్నాడు.

పరదా

మర్నాడు సింహాచలం మేడ మెట్లెక్కి వచ్చాడు. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో చేరినవాడు డిజైన్ ఆఫీసులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. మూర్తి గారితో ప్లేట్ల పేర్లు తేల్చుకోడానికి నేనప్పటికే అక్కడున్నాను.

"మూర్తి బాబూ, ఎడమంటే మీరు ఏటనుకుంటారో ఓపాలి నాకు సెప్పండి. మా జట్టులో గుంటలకి నాను సెప్పుకుంటాను."

మూర్తి గారు లేచి నిలబడి చూపించారు. సింహాచలం ఆయన పక్కన నిలబడి చూశాడు, తర్వాత ఎదురుగా వెళ్ళి నిలబడి చూశాడు. "అమ్మో, ఇదేటి బాబూ, నాను ఇటొస్తే ఎడమ అటెల్లిపోయింది!" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

ప్లేట్ల పేర్లు చివరికి ఇలా తేలాయి: కంత ఉన్నది పొయ్యిపక్క ప్లేటు, మూసి ఉన్నది మూతపక్క ప్లేటు. ఎవరు ఎక్కడ నిలబడి చూసినా కంత కంతే, మూత మూతే. డ్రాయింగులోనూ అదే పేరు, నా జాబితాలోనూ అదే, చీటీలోనూ అదే. మీరు ఏ జాబితాని ఎవరితో పంచుకున్నా ముందు ఈ ఒక్కటి అడగండి: ఈ మాట అనేవాడు ఎక్కడ నిలబడి అంటున్నాడు? అతను చోటు మారితే మాట కూడా మారుతుందా? మారేట్టయితే ఆ మాటని డేటాలోకి రానివ్వకండి. నా ఉద్యోగంలోంచి నేను మీకు ఇవ్వగలిగింది ఇంతే.

వెళ్ళబోతూ సింహాచలం వెనక్కి తిరిగాడు. "మరి మీరు సెప్పండి బాబూ. ఈడనుంచి కొండేపు ఎటు?"

ఆ గదిలో ఏసీ, ట్యూబులైట్లు, కిటికీకి మందపాటి పరదా. ఎండ పడితే కంప్యూటరు తెరలు కనబడవని ఆ పరదా ఎప్పుడూ వేసే ఉంచేవారు. మూర్తి గారు తటపటాయిస్తూ తలుపు వైపు చూపించారు. నాకూ సందేహమొచ్చి నేను ఇంకోవైపు చూపించాను. రెండూ తప్పే.

సింహాచలం వెళ్ళి పరదా పక్కకి లాగాడు. వాన కడిగేసిన కొండలు కిటికీ నిండా పచ్చగా నిలబడి ఉన్నాయి.

మూర్తి గారు దగ్గరికెళ్ళి చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. "ఇన్నాళ్ళూ వీటికి వీపు పెట్టి కూర్చున్నానండీ" అన్నారు.

ఆయన రిటైరయ్యేదాకా ఆ పరదా మళ్ళీ వెయ్యనివ్వలేదు. పడమటి కిటికీ కదా, సాయంత్రమైతే ఎండ తెరలమీద పడి ఏమీ కనబడడం లేదని కుర్రాళ్ళు సణిగేవారు. "సణగనీండి" అనేవారాయన.